చుట్టం దొరకని భాషకు చుట్టరికం వెతకడం ఎలా

విద్యానగర్‌లో నాకు డీటీపీ షాపు ఉంది. ఉస్మానియా క్యాంపస్ దగ్గరే కాబట్టి పీహెచ్‌డీ థీసిస్‌లే నా తిండి. వాటిలో భాషాశాస్త్రం థీసిస్ వచ్చిందంటే పక్క షాపులవాళ్లు "అన్నా, ఇది నీ బాపతు" అని నా దగ్గరికే పంపేస్తారు. పేజీ నిండా తిరగేసిన అక్షరాలు, తోక ఉన్న అక్షరాలు, నెత్తిన గీతలు, కింద చుక్కలు. పేజీకి పది రూపాయలు ఎక్కువ తీసుకుంటాను, ఎవరూ బేరమాడరు.

ఒకసారి అలాంటి ఫైలునే పాడుచేశాను. పాత ఫాంట్ నుంచి కొత్త ఫాంట్‌కి మార్చేటప్పుడు అచ్చుల నెత్తిన ఉన్న గీతలన్నీ ఎగిరిపోయాయి. అక్షరాలు ఉన్నాయి కదా, గీతలు అలంకారమే అనుకుని ప్రింట్ తీసేశాను. పొద్దున ఆ థీసిస్ రాసిన అమ్మాయి వచ్చి చూసి కుర్చీలో కూలబడింది. "గీత పోతే మాటే మారిపోతుందండీ" అంది. తప్పు నాది కాబట్టి రెండు రాత్రులు కూర్చుని ఒక్కో గీతా చేత్తో పెట్టాను. అలా పెడుతున్నప్పుడే గమనించాను: పట్టికలో ప్రతి భాష పేరు మీదా దాని కుటుంబం పేరు ఉంది, ఒక్క నిలువు వరస మీద మాత్రం గడి ఖాళీ. ఆ వరస పేరు బంగిమే. ఇది కూడా నేనే ఎగరగొట్టానేమో అని భయపడి అడిగితే, "లేదండీ, దానికి ఎవరూ లేరు" అంది.

ఎవరూ లేకపోవడమేంటని అప్పటి నుంచి తవ్వుతూనే ఉన్నాను. నేను చదివింది బీకాం. అయినా ఒక భాషకు చుట్టాలున్నారో లేరో ఇంట్లో కూర్చుని ఒక మోస్తరుగా పరీక్షించుకోవచ్చు. కావలసింది ఒక ఎక్సెల్ షీటు, ఓపిక, పోలిక కనపడగానే ఎగిరి గంతేయకుండా ఉండే నిగ్రహం. పొలంలో విత్తడానికి ఒక్క రోజు చాలు, కలుపుకే నెలలు పడుతుంది. ఈ పనీ అంతే.

ముందు బంగిమే సంగతి. పశ్చిమ ఆఫ్రికాలో మాలి దేశం, అందులో మోప్తీ పట్టణం వైపు బండియాగరా కొండలు. ఇసుకరాతి కొండచరియ దాదాపు 150 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. యునెస్కో 1989లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఉండేది ఎక్కువగా డోగోన్ ప్రజలు. ఆ పీఠభూమి పడమటి అంచున, కొండల మధ్య లోయలో, ఏడు ఊళ్లవాళ్లు బంగిమే మాట్లాడతారు. బూనూ వాటిలో ముఖ్యమైన ఊరు. మాట్లాడేవాళ్లు ఎంతమంది అంటే ఒక్కో చోట ఒక్కో లెక్క ఉంటుంది, 1,200 నుంచి 3,500 దాకా. ఎంత పెద్ద లెక్క తీసుకున్నా మన పక్క మండలంలో ఓ మోస్తరు ఊరి జనాభా.

చాలాకాలం దీన్ని డోగోన్ మాండలికాల్లో ఒకటిగానే లెక్కేశారు. 2005 ప్రాంతంలో రోజర్ బ్లెంచ్ అనే భాషావేత్త అక్కడ సర్వే చేసి, ఇది డోగోన్ కాదని, పశ్చిమ ఆఫ్రికాలోని మిగతా భాషలన్నిటికీ పదజాలంలో చాలా దూరంగా ఉందని చెప్పారు. ఆ తర్వాత డచ్ భాషావేత్త స్టెఫాన్ ఎల్డర్స్ పని మొదలుపెట్టారు కానీ 2007లో మాలిలోనే జబ్బుపడి పోయారు. ఆ పనిని ఆబీ హాంట్గన్ అందుకున్నారు. 2013లో ఆమె పీహెచ్‌డీ, 2018లో జెఫ్రీ హీత్‌తో కలిసి పూర్తి వ్యాకరణం వచ్చాయి. తమాషా ఏమిటంటే, ఆ ఊళ్లవాళ్లు తమను డోగోన్లమనే అనుకుంటారు, తమ భాషా డోగోన్‌లో ఒకటే అంటారు. కానీ డోగోన్ భాషలు మాట్లాడేవాళ్లకు ఈ భాష ఒక్క ముక్క అర్థం కాదు.

ఇక్కడే మొదటి పని ఉంది. ఏ భాష పట్టుకున్నా ముందు పేర్ల చిట్టా రాసుకోండి. వాళ్లు తమను ఏమంటారు, పొరుగువాళ్లు వాళ్లను ఏమంటారు, పాత రాతల్లో ఏ పేరుంది. ఒకే భాష మూడు పేర్లతో మూడు చోట్ల ఉంటుంది, మీరేమో మూడు భాషలనుకుంటారు. ఈ మనుషుల పేరు బంగన్దె, భాష పేరు బంగిమె. (మనం 'బంగిమే' అని రాసుకుందాం, వ్యాసం మొదట్లో అలాగే మొదలుపెట్టాను కాబట్టి.) రెండిట్లోనూ ఉన్న 'బంగ' అనే ముక్కకు దాగినది, గుట్టుగా ఉన్నది అనే అర్థం ఉంది. చివరి 'న్దె' బహువచనం, 'మె' చిన్నదనాన్ని చెప్పే తోక. ఈ భాషలో ధారాళంగా అతికే ప్రత్యయాలు ప్రధానంగా ఈ రెండే అంటారు. అంటే రెండు పేర్లు విప్పి చూసేసరికి మీకు వ్యాకరణంలో ఒక పెద్ద సంగతి దొరికేసినట్టే. దీని సంగతి మళ్లీ చెప్తాను.

పేర్లయ్యాక, "ఎవరూ లేరు" అన్న మాటను రెండు ముక్కలు చేసుకోవాలి. నేను మొదట్లో ఇక్కడే తప్పటడుగు వేశాను. చుట్టాలు లేరని తేలడం ఒకటి, ఉన్నారో లేరో తేల్చడానికి సామగ్రి లేకపోవడం ఇంకొకటి. మొదటిదాన్ని ఏకాకి భాష అంటారు, రెండోదాన్ని వర్గీకరించని భాష అంటారు. ఘానాలో మ్‌ప్రా అనే భాష ఉండేది. దాని గురించి మనకున్న ఆధారం ముఖ్యంగా 1931లో అచ్చయిన ఓ డెబ్బై మాటల జాబితా. డెబ్బై మాటలతో ఎవరికి చుట్టమని చెప్తాం? నైజీరియా ఈశాన్యంలో జలా అనే భాష కూడా అలాంటిదే. ఆ జనం పొరుగు భాషకు మారిపోయారు, 1990ల్లో ఉల్రిష్ క్లైన్‌విల్లింగ్‌హోఫర్ అనే జర్మన్ పండితుడు పెద్దవాళ్లకు గుర్తున్నంత రాసుకున్నారు. బంగిమే పరిస్థితి వేరు. నిఘంటువు ఉంది, వ్యాకరణం ఉంది, కథలు రికార్డయ్యాయి, ఇంట్లో పిల్లలు మాట్లాడుతున్నారు. ఇంత ఉండి కూడా చుట్టం దొరకలేదంటే ఆ మాటకు బరువుంటుంది. కాబట్టి మీ షీటు మొదటి వరసలోనే రాయండి: ఎన్ని మాటలు దొరికాయి, ఎవరు సేకరించారు, ఏ సంవత్సరం, ఏ ఊళ్లో. వంద మాటలు కూడా దొరకకపోతే పోలికల పని మొదలుపెట్టకండి. టైం వేస్ట్.

సామగ్రి ఎక్కడ దొరుకుతుందంటే, మొదట గ్లొట్టోలాగ్ అనే ఉచిత సూచిక చూడండి. ప్రపంచ భాషలకు అది టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది. భాష పేరు కొడితే దాని మీద ఎవరెవరు ఏం రాశారో పట్టీ ఇస్తుంది, ఏ కుటుంబంలో పెట్టారో చెప్తుంది. బంగిమేకి అక్కడ కుటుంబం లేదు, ఒంటరిగానే ఉంటుంది. తర్వాత హీత్, హాంట్గన్ బృందం డోగోన్ భాషల్నీ బంగిమేనీ పక్కపక్కన పెట్టి తయారుచేసిన పదాల పట్టిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో అడ్డు వరస ఒక్కో అర్థం, ఒక్కో నిలువు వరస ఒక్కో భాష. మా అమ్మాయి పెళ్లి గెస్టుల లిస్టు కూడా నేను అదే పద్ధతిలో చేశాను. 2012 నుంచి మాలిలో జరుగుతున్న గొడవల వల్ల మోప్తీ వైపు వెళ్లి పనిచేయడం కష్టమైపోయింది. అందుకే వాళ్లు ముందే తీసిపెట్టిన ఆ పట్టికల విలువ ఇంకా పెరిగింది.

ఇప్పుడు మాటలు ఎంచుకోండి. ఏ మాటలు పడితే అవి కాదు. సైకిలు, సబ్బు, స్కూలు వద్దు. ఏ కాలంలోనైనా ఏ ఊళ్లోనైనా ఉండే మాటలు కావాలి: కన్ను, చెవి, నీళ్లు, నిప్పు, రాయి, తిను, చచ్చిపో, నేను, నువ్వు, ఎవరు. మోరిస్ స్వాదేశ్ అనే అమెరికన్ ఇలాంటి వంద మాటల జాబితా తయారుచేశాడు, అదే ఎక్కువమంది వాడేది. 2009లో లైప్జిగ్-జకార్తా జాబితా అని ఇంకొకటి వచ్చింది. చాలా భాషల్లో ఎరువు తెచ్చుకున్న మాటల్ని లెక్కగట్టి, తక్కువగా ఎరువయ్యే వంద అర్థాల్ని ఏరారు. నాకు ఇదే నచ్చింది. ఊహ మీద కాకుండా లెక్క మీద నిలబడింది.

షీటులో బంగిమే పక్కన ఏ భాషలు పెట్టాలి? చుట్టుపక్కలవన్నీ. డోగోన్‌లో కనీసం రెండు (డోగోన్ అంటే ఒక్క భాష కాదు, ఇరవై దాకా ఉన్నాయి), పశువుల కాపరుల ఫుల్ఫుల్దె, మాలి అంతటా నడిచే బంబారా, నైజర్ నది మీద చేపలు పట్టేవాళ్ల బోజో, తూర్పున సోంఘాయ్. ఊరు ఎవరితో సంత చేసిందో, ఎవరికి పన్ను కట్టిందో, ఎవరి దగ్గర నమాజు నేర్చుకుందో ఆ భాషలన్నీ ఉండాలి. చుట్టరికం కన్నా ముందు అప్పులు తేలాలి కాబట్టి.

ఉచ్చారణ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఆ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుని పని కానిచ్చేద్దామనుకుంటారు. బంగిమేలో ఏడు హ్రస్వాచ్చులున్నాయి. ప్రతిదానికీ దీర్ఘం, ముక్కుతో పలికేది, ముక్కుతో పలికే దీర్ఘం, మొత్తం 28. మనకు 'ఎ' ఒక్కటే, వాళ్లకు నోరు కాస్త మూసి అనేది ఒకటి, బాగా తెరిచి అనేది ఒకటి. నిజానికి ఆ రెండూ మన నోట్లో కూడా ఉన్నాయి. ఒకసారి అద్దం ముందు నిలబడి 'మేడి' అనండి, తర్వాత 'మేడ' అనండి. 'మేడ' అన్నప్పుడు దవడ కిందికి దిగుతుంది. తర్వాత వచ్చే 'డ'లోని అకారం దాన్ని లాగుతుంది. అలాగే 'తోలు', 'తోక'. మనకు దానివల్ల అర్థం మారదు కాబట్టి చెవికి ఆనదు. వాళ్లకు మాటే మారిపోతుంది. తెలుగులో రాస్తే ఆ తేడా పోయి, లేని పోలికలు పుట్టుకొస్తాయి. అంతర్జాతీయ ధ్వని లిపి నేర్చుకోండి. వారం రోజులు పడుతుంది, అంతే.

ఇక నెత్తిన గీతలు. బంగిమేలో అక్షరం పై శ్రుతిలో అన్నదీ కింది శ్రుతిలో అన్నదీ కింది నుంచి పైకి లాగినదీ వేరువేరు. వీటిని టోన్లు అంటారు. నేను రెండు రాత్రులు పెట్టిన గీతలు ఇవే. టోన్ వినపడకపోతే ఒక పాత చిట్కా ఉంది. మాట చెప్పేవాళ్లను అదే మాటను ఈల వేయమనండి. హల్లులు, అచ్చులు రాలిపోయి శ్రుతి ఒక్కటే మిగులుతుంది. రికార్డింగ్ మాత్రమే ఉంటే నోరు మూసుకుని దానితోపాటు హమ్ చేయండి. మా ఇంట్లో నేను ఇలా హమ్ చేస్తుంటే మా ఆవిడ కీర్తనలు మొదలుపెట్టాననుకుంది.

పీడీఎఫ్ నుంచి కాపీ చేసేటప్పుడు జాగ్రత్త. గీత ఉన్న అక్షరం కంప్యూటర్లో రెండు రకాలుగా ఉండొచ్చు: అక్షరమూ గీతా కలిసి ఒకే ముక్కగా, లేదా అక్షరం ఒక ముక్క, గీత ఒక ముక్కగా. కంటికి ఒకేలా కనపడతాయి, కానీ ఎక్సెల్ వాటిని వేర్వేరు మాటలనుకుంటుంది. మీరు వెతికితే దొరకదు, 'లేదు' అని రాసేస్తారు. మొత్తం షీటును ముందే ఒక పద్ధతికి మార్చుకోండి.

ఇప్పుడు కలుపు తీద్దాం. దీనికి మనవాళ్లు ఎప్పుడో జల్లెడ తయారుచేసి పెట్టారు: తత్సమం, తద్భవం, దేశ్యం. స్కూల్లో బట్టీపట్టి మర్చిపోయిన ఈ మూడు మాటల వల్లే తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని రుజువైంది. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ అనే కంపెనీ కాలపు దొర చేసింది అదే. మచిలీపట్నం పండితుడు మామిడి వెంకయ్య 'ఆంధ్రదీపిక'లో చేసిన విభజన ఆయనకు పనికొచ్చింది. సంస్కృతం నుంచి వచ్చినవి పక్కకు తీసేసి, మిగిలిన దేశ్యాల్ని తమిళం, కన్నడం పక్కన పెట్టి చూపించాడు. ఎన్ని వేల సంస్కృత పదాలున్నా లెక్కలోకి రావు, ఎందుకంటే అవి అప్పు.

బంగిమేకీ ఇదే చేయండి. ప్రతి మాట పక్కన ఒక రంగు పెట్టండి. డోగోన్‌లో అలాగే ఉంటే పసుపు, ఫుల్ఫుల్దెలో ఉంటే ఆకుపచ్చ, అలా. అది ఏ రకం మాటో కూడా చూడండి. పంటలు, బట్టలు, మతం, సంతకు సంబంధించిన మాటలు రంగులద్దుకుంటే అప్పే అయి ఉంటుంది. ఒక ఉదాహరణ చెప్తాను. పశ్చిమ ఆఫ్రికాలోనే ఇంకో పెద్ద భాష హౌసాలో హక్కును 'హక్కి' అంటారు, ఫుల్ఫుల్దెలో 'హక్కె'. మనకు 'హక్కు'. అక్షరం కూడా పొల్లుపోలేదు! మూడిటికీ మూలం అరబ్బీ. మనకు నవాబుల కచేరీల మీదుగా, వాళ్లకు ఇస్లాం మీదుగా వచ్చింది. ఇద్దరం ఒకే షావుకారు దగ్గర అప్పు చేసినంత మాత్రాన అన్నదమ్ములం అయిపోం. పోలిక మరీ ఎక్కువగా ఉంటే ముందు అప్పేమోనని అనుమానించండి. వేల ఏళ్లు గడిచాక అసలైన చుట్టాల ముఖాలు అంత అచ్చంగా ఉండవు.

హాంట్గన్, హిబా బాబికర్, యోహాన్-మాటిస్ లిస్ట్ అనే పరిశోధకులు కలిసి ఈ పొరలు విడదీసే పనే కంప్యూటర్ సాయంతో చేశారు. ఏ మాటలు ఏ పొరుగువాళ్ల నుంచి వచ్చి ఉంటాయో ఏరడానికి, పక్కన జన్యు సమాచారం కూడా పెట్టుకుని. రంగుల షీటు అంటే నేను చేసిన ముతక పని, వాళ్లది నాణ్యమైన పని. తేడా ఉంది.

అప్పులు పోయాక మిగిలేది యాదృచ్ఛికం. దీనికి నేను బలైన కథ చెప్పాలి. మాలి నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక కుర్రాడు ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్ కోసం మా షాపుకు వచ్చేవాడు. బంబారాలో అంకెలు చెప్పమన్నాను. "కెలెన్, ఫిలా, సబా, నాని, దూరు" అన్నాడు. నాని అంటే నాలుగు! నాకు ఒళ్లు జలదరించింది. ఫుల్ఫుల్దెలో చూశాను, నాలుగు 'నయ్'. ఘానావాళ్ల అకాన్‌లో 'అనన్'. నైజీరియావాళ్ల ఇగ్బోలో 'అనొ'. తెలుగు నాలుగు, తమిళం నాలు, కన్నడం నాల్కు. ఆ రాత్రి నిద్రపోలేదు. ద్రావిడ భాషలకూ పశ్చిమ ఆఫ్రికాకూ సంబంధం కనిపెట్టేశానని ఓ పది పేజీలు కూడా టైపు చేసుకున్నాను. టైపింగ్ నా చేతిలో పనే కదా.

తెల్లారాక మిగతా అంకెలు పెట్టి చూశాను. మూడు: ఫుల్ఫుల్దె 'తతి', ఇగ్బో 'అతొ', యొరూబా 'ఎతా', ఎక్కడో తూర్పు తీరాన స్వాహిలీలో 'తాతు'. వాళ్లందరికీ తకారం. మనకు మూడు, మూన్రు, మూరు, అంటే మకారం. రెండు: ఫుల్ఫుల్దె 'డిడి'. ఒకటి: 'గొఒ'. ఎక్కడా అతకలేదు. వాళ్ల మూడూ నాలుగూ కలిసికట్టుగా ఉన్నాయి, ఎందుకంటే అవి నైజర్-కాంగో అనే పెద్ద కుటుంబపు మాటలు. మన నాలుగు ఆ గుంపులోకి దారితప్పి వచ్చినట్టు కనిపించింది, అంతే. మనిషి నోరు చేయగలిగే శబ్దాలే కొన్ని. చిన్న మాటలు వంద తీసుకుంటే ఏ రెండు భాషల మధ్యయినా కొన్ని కాకతాళీయంగా కలుస్తాయి. ఈ మోజు నాకొక్కడికే కలిగిందని సిగ్గుపడనక్కర్లేదు. సెనెగల్ అధ్యక్షుడు, కవి సెంఘోర్ 1970ల్లో ద్రావిడ భాషలకూ ఆఫ్రికా భాషలకూ చుట్టరికం ఉందని గట్టిగా నమ్మి, ఆ పరిశోధనను ప్రోత్సహించారు. భాషావేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు.

మరి నిజమైన చుట్టరికం ఎలా కనపడుతుంది? కన్నడం చూడండి. పాలు వాళ్లకు హాలు. పులి, హులి. పాము, హావు. పల్లు, హల్లు. పల్లె, హళ్లి. పది, హత్తు. ఒక్కో మాట విడిగా చూస్తే పెద్ద పోలికేం లేదు. పాము-హావు అంటే ఎవరు నమ్ముతారు? కానీ మాట మొదట్లో మన పకారం ఉన్నచోటల్లా వాళ్లకు హకారం వస్తోంది. మళ్లీ మన చెవి వాళ్లకు కివి, చెరువు కెరె, చెడు కెడు. ఎ, ఇ లాంటి అచ్చుల ముందు వాళ్ల కకారం మనకు చకారం. ఇలా వరసకట్టి రావాలి. మీరు వెతకాల్సింది ఒకేలా ఉన్న మాటల్ని కాదు, ఒకే పద్ధతిలో తేడాగా ఉన్న మాటల్ని. షీటులో కొత్తగా రెండు నిలువు వరసలు తెరిచి, బంగిమేలో ఫలానా శబ్దం ఉన్నచోట డోగోన్‌లో ఏముందో గుర్తు పెట్టుకుంటూ పోండి. ఒకే జత కనీసం నాలుగైదు ముఖ్యమైన మాటల్లో తగలాలి. డోగోన్ భాషల్లో ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఇలాంటి వరసలు దొరుకుతాయి. బంగిమే వరసకు వచ్చేసరికి రంగు పూసిన అప్పులు తీసేశాక వరస నిలవదు. అక్కడొకటి, అక్కడొకటి నైజర్-కాంగో వేరులా కనిపించేవి ఉన్నాయి. బ్లెంచ్ కూడా అవి ఉన్నాయనే అన్నారు. అవి పాత అప్పులా, చాలా దూరపు చుట్టరికపు ఆనవాళ్లా అన్నది వాటిని చూసి చెప్పలేం. వాటికి ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. డోగోన్లు అక్కడికి రాకముందు ఆ ప్రాంతంలో ఉన్న భాషల్లో మిగిలింది ఇదొక్కటే కావచ్చని బ్లెంచ్ ఊహ. నాకు నచ్చిన ఊహే, కానీ షీటులో దాన్ని పెట్టే గడి లేదు.

ఇందాక పేర్ల దగ్గర చెప్తానన్న వ్యాకరణం సంగతి. డోగోన్ భాషల్లో క్రియకు తోకలు వరసగా అతుక్కుంటాయి, మన 'చేయించుకోలేకపోయాడు' లాగా. బంగిమేలో దాదాపు అతుకులే ఉండవు, విడివిడి మాటలు పక్కపక్కన నిలబడతాయి. ఒక్క ఈ తేడాతో చుట్టరికం లేదని తీర్పు ఇవ్వకూడదు. భాషలు అతుకులు పోగొట్టుకుంటాయి కూడా. కానీ మాటలూ కలవక, వరసలూ కలవక, అతుకులూ కలవకపోతే మూడు సాక్ష్యాలు ఒకే వైపు చెప్తున్నట్టు.

ఈ అతుకుల సాక్ష్యం ఇంకోచోట బాగా పనికొస్తుంది. బంగిమే అసలు భాషే కాదు, బయటివాళ్లకు అర్థం కాకుండా తయారుచేసుకున్న రహస్య భాష అన్న వాదం ఒకటుంది. పేరులోనే గుట్టు ఉంది కదా. బానిసల బిడారుల నుంచి తప్పించుకున్నవాళ్లు ఆ లోయలో తలదాచుకున్నారని, అందుకే ఈ భాష అని అంటారు. దీన్ని ఎలా పరీక్షించాలి? మన బజారు రహస్య భాషలు గుర్తుచేసుకోండి. పిల్లలు ప్రతి అక్షరం ముందు 'క' పెట్టి మాట్లాడుకునే క-భాష ఉంది. మాటల రూపు మారుతుంది కానీ వాక్యం తెలుగు వాక్యమే, విభక్తులు తెలుగువే. రహస్య భాషలు మామూలుగా ఇలాగే ఉంటాయి: చర్మం మారుస్తారు, ఎముకలు పక్కింటివే. బంగిమే ఎముకలు డోగోన్‌వి కావు. దాపరికం కోసం వాడుకున్నా వాడుకోవచ్చు, దాపరికం కోసం పుట్టించారనడం మాత్రం నాకు కష్టంగా ఉంది. మన దేశంలో నిహాలీకి కూడా ఇదే కథ. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరిహద్దులోని ఆ భాషను డచ్ పండితుడు కౌపర్ 1962లో పరిశీలించి, దొంగల రహస్య భాషేమోనన్న అనుమానాన్ని కూడా ముందుకు తెచ్చారు. ఇప్పుడు ఎక్కువమంది దాన్ని ఏకాకి భాషగానే లెక్కేస్తారు. చుట్టం దొరకని భాషకు దొంగతనం అంటగట్టడం అందరికీ అలవాటేమో.

అదృష్టం బాగుండి అలాంటి భాష మాట్లాడే మనిషే ఎదురైతే కొన్ని సంగతులు. ముందు రికార్డు చేయొచ్చా అని అడగండి, ఎవరికి వినిపిస్తారో చెప్పండి. వాళ్ల టైముకు డబ్బివ్వండి. చెవి చూపించి "దీన్నేమంటారు" అంటే వచ్చే జవాబు 'చెవి' కాకపోవచ్చు. 'నీ చెవి' కావచ్చు, 'వేలు' కావచ్చు, 'చూపించకు' కూడా కావచ్చు. అందుకే నా చెవి, నీ చెవి, మేక చెవి అని మూడు రకాలుగా అడిగి, మూడిటిలో మారకుండా మిగిలిన ముక్క తీసుకోండి. ఏ భాషలో అడుగుతున్నారన్నదీ ముఖ్యమే. ఫుల్ఫుల్దెలో అడిగితే ఫుల్ఫుల్దె నుంచి వచ్చిన మాట ముందు నోటికొస్తుంది. మనల్ని ఇంగ్లీషులో అడిగితే 'టేబుల్', 'టెన్షన్' అన్నట్టు. మాటను మూడుసార్లు చెప్పించండి, వీలైతే ఇద్దరు ముగ్గురితో. మగవాళ్లతోనే ఆపకండి, పెళ్లయి వచ్చిన ఆడవాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో రాసుకోండి. ఫోన్లో రికార్డు చేసినా ఫర్వాలేదు కానీ వాట్సాప్‌లో పంపించుకోకండి, శబ్దాన్ని పిండేస్తుంది. కేబుల్ పెట్టి అసలు ఫైలే తీసుకోండి.

ఇక చివర్లో ఫలితం రాసే పద్ధతి. 'చుట్టాలు లేరు' అని రాయకండి. 'ఇన్ని మాటలతో, ఈ ఆరు భాషలతో పోలిస్తే వరస దొరకలేదు' అని రాయండి. కొట్టేసిన పోలికల్ని చెరిపేయకండి, వేరే షీటులో కారణంతో సహా ఉంచండి: అప్పు, కాకతాళీయం, అనుమానం. నా నాని-నాలుగు ఇప్పటికీ అక్కడే ఉంది, పక్కన తేదీతో.

ఫైలు యూనికోడ్‌లోనే దాచండి. ఫాంట్ కోసం కారిస్ గానీ డౌలోస్ గానీ దింపుకోండి, రెండూ ఉచితమే, గీతలు సరైన చోట కూర్చుంటాయి. ప్రింటుకు ఇచ్చేముందు పీడీఎఫ్ చేసి, ఫాంట్లు లోపల ఇమిడాయో లేదో చూసుకుని, ముందు ఒక్క పేజీ తీయించండి. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే ఫాంట్ అందలేదన్నమాట. గీత అక్షరం నెత్తిన కాకుండా భుజం మీదికి జారితే ఫాంట్ మారిందన్నమాట. అసలు గీతలే లేకపోతే మిషన్ ఆపించి ఇంటికి వెళ్లి పాత ఫైలు తెచ్చుకోండి.